గోవర్ధనరావు హస్తవాసి

బందరు కోనేరు సెంటరుకి కూతవేటు దూరంలో గంగాధరరావు గారి మోటారు షెడ్డు ఉండేది. బోర్డు మీద పెద్ద అక్షరాలతో ఆయన పేరే ఉండేది గాని, ఆయన స్పానరు పట్టుకోగా చూసినవాడు బందరులో ఒక్కడు లేడు. తెల్ల పంచె కట్టుకుని, గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని, వచ్చిన డ్రైవర్లకి సోడాలు తెప్పించి, జిల్లా రాజకీయాలు మాట్లాడేవారు. పని లోపల జరిగేది. లోపల చేసేవాడు ఏసుపాదం.

ఏసుపాదం మొవ్వకి రెండు మైళ్ళ అవతల, ఒక ఊరి చివర క్రైస్తవుల పేటలో పుట్టాడు. తండ్రి దేవదానం ఒక రైతు దగ్గర పాలేరుగా చేరి, పాలేరుగానే పోయాడు. ఏసుపాదం మిషన్ బడిలో ఐదో తరగతి గట్టెక్కి, అదే రైతు గొడ్ల వెనక కొన్నాళ్ళు నడిచాడు. ఇంతలో యుద్ధం వచ్చింది. మిలటరీలో మూడు పూటలా తిండి పెడతారట అని విని వెళ్ళి చేరాడు. తుపాకీ ఇస్తారనుకుంటే స్పానరు ఇచ్చారు. బెంగుళూరు దగ్గర లారీలు, జీపులు బాగుచేసే షెడ్డులో నాలుగేళ్ళు ఒక సార్జంటు కింద పనిచేశాడు. ఆ దొర నోరు తెరిస్తే తిట్లే. కాని అందర్నీ ఒకే రకంగా తిట్టేవాడు, కులం అడిగి తిట్టలేదు. అంతమాత్రానికే ఏసుపాదం ఆయన్ని జన్మంతా తలుచుకునేవాడు.

ముందు చక్రాల బేరింగుల పని ఆ సార్జంటు దగ్గరే పట్టుబడింది. చక్రం ఇరుసు మీద తేలిగ్గా తిరగడానికి, చిన్న చిన్న ఉక్కు రోలర్లు పేర్చిన కడియాలు లోపల రెండు ఉంటాయి. అవే బేరింగులు. బండి ముందు భాగం బరువంతా వాటి మీదే నడుస్తుంది. గ్రీజు చాలకపోతే అవి మూలుగుతాయి. దుమ్ము పడితే అరుగుతాయి. నీళ్ళు చేరితే తుప్పు పట్టి, ఏదో ఒకరోజు నడిరోడ్డు మీద బిగుసుకుపోతాయి. చక్రం ఊడి కాలవలో పడ్డ బళ్ళు ఆ రోజుల్లో ఈ డెల్టాలో లేకపోలేదు. అయినా బందరులో మిగతా షెడ్లవాళ్ళు దీన్నొక పనిగా లెక్కపెట్టేవారు కాదు. మూత తీసి, పుల్లతో నాలుగు ముద్దలు గ్రీజు కుక్కి, మూతేసి పంపేసేవారు.

ఏసుపాదానికి అలా చెయ్యడం చేతకాదు. జాకీ ఎత్తి, చక్రానికి పైనొక చెయ్యి, కిందొక చెయ్యి వేసి ఊపి చూసేవాడు. నట్టు విప్పి బేరింగులు బయటికి తీసి, కిరసనాయిల్లో మూడుసార్లు కడిగేవాడు. పాత పంచె గుడ్డతో తుడిచి, వెలుతురుకి పట్టుకుని ఒక్కో రోలరూ చూసేవాడు. ఆ తర్వాత ఎడమ అరచేతిలో నిమ్మకాయంత గ్రీజు వేసుకుని, బేరింగు అంచుని అరచేతికేసి నొక్కుతూ, రోలర్ల సందుల్లోంచి గ్రీజు అవతలి పక్కకి పొడుచుకొచ్చేదాకా కూరేవాడు. ఇంకాస్త తిప్పి, మళ్ళీ కూరేవాడు. దీనికి వేరే పనిముట్టు లేదు. చక్రం ఎక్కించాక దాన్ని తిప్పుతూనే నట్టు గట్టిగా బిగించి, రోలర్లు బిగుసుకోకుండా మళ్ళీ ఒక గాడి వెనక్కి వదిలి, నట్టు కదలకుండా కొత్త పిన్ను గుచ్చేవాడు. విప్పిన పిన్ను సాపుచేసి మళ్ళీ వాడటం అతని దృష్టిలో దొంగతనంతో సమానం. ఒక్కో చక్రానికి గంటన్నర పట్టేది. డ్రైవర్లు సణిగేవారు. ఇక ఏడాది పొడుగునా ఆ చక్రం జోలికి వెళ్ళక్కర్లేదని తెలుసు గనక సణిగి ఊరుకునేవారు.

"ముందు చక్రమైతే ఏసుపాదానికే ఇవ్వండి. అతని హస్తవాసి మంచిది" అని అవనిగడ్డ దాకా చెప్పుకునేవారు. డాక్టర్ల గురించి అనుకునే మాట తన గురించి అనుకుంటున్నారని ఏసుపాదానికి లోలోపల మహా గర్వం. పైకి మాత్రం "దేవుడి దయండీ" అనేవాడు. సెంటు భూమి లేదు, ఇల్లు అద్దెది, చర్చిలో కూర్చునేది వెనక వరసలో. ఆ ఒక్క మాటే అతనికున్న ఆస్తి.

1959 వేసవిలో షెడ్డులో పాత హెడ్ మేస్త్రీ చూపు ఆనక పని మానేశాడు. గంగాధరరావు గారు ఏసుపాదాన్ని పిలిచి, "దసరా వెళ్ళనీ. హెడ్ మేస్త్రీవి నువ్వే. బోర్డు మీద నా పేరు కింద నీ పేరు రాయిస్తాను" అన్నారు. ఆ సాయంత్రం ఏసుపాదం ఇంటికి వెళ్ళి, భార్య దయామణికి ఆ మాట చెప్పి, తన పేరు బోర్డు మీద ఎలా ఉంటుందో సుద్దముక్కతో నేల మీద రాసి చూపించాడు.

"ఉత్తినే ఏసుపాదం అని రాస్తారా, పక్కన గారు పెడతారా?" అంది దయామణి.

"బోర్డు మీద గారు ఎవరికీ పెట్టరే, పిచ్చిదానా."

"ఎవరికీ పెట్టకపోతే సరే" అంది ఆవిడ. ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆ నవ్వు చల్లారకముందే గుడివాడ కారు వచ్చింది.

గుడివాడలో ధనుంజయరావు గారని రైసుమిల్లు యజమాని. ఖద్దరు తప్ప కట్టేవారు కాదు. అంటరానితనం పోవాలని సభల్లో గొంతు బొంగురుపోయేదాకా మాట్లాడేవారు. అలా మాట్లాడటానికి ఊళ్ళు తిరగాలి గనక, దేశం విడిచి వెళ్తున్న ఒక దొర దగ్గర చిన్న కారు కొన్నారు. వీపు గుండ్రంగా ఉండటంతో జనం దానికి తాబేలు కారని పేరు పెట్టారు. దాని డ్రైవరు రామబ్రహ్మం. నలభై ఏళ్ళవాడు, నెమ్మదస్తుడు, ఎవర్నీ నొప్పించలేడు. ఏసుపాదం పేరు విని ఇరవై రెండు మైళ్ళు వచ్చాడు. ఏసుపాదం రెండు ముందు చక్రాలూ కట్టి పంపాడు. అది జూన్ నెల.

ఆగస్టులో కారు తిరిగొచ్చింది. కుడి చక్రం మూలుగుతోంది. విప్పి చూస్తే లోపల గ్రీజు చిక్కటి మజ్జిగలా తెల్లబడి ఉంది. రోలర్ల మీద తుప్పు చుక్కలు.

"నీళ్ళల్లో దింపావా, రామబ్రహ్మం?"

రామబ్రహ్మం చూపు పక్కకి తిప్పుకున్నాడు. "అయ్యగారికి దివిసీమలో మీటింగు మేస్త్రీ. హంసలదీవి దారిలో నీళ్ళు అడ్డమొచ్చాయి."

"ఉప్పునీళ్ళు మరి. ఊరుకుంటాయా? ఈసారి చూసి తోలు" అని కొత్త బేరింగులు వేసి పంపాడు.

అక్టోబరులో మళ్ళీ వచ్చింది. మళ్ళీ అదే మజ్జిగ, అదే తుప్పు. ఈసారి ఎడమది కూడా.

"మళ్ళీ హంసలదీవేనా?"

"ఆ... అవును మేస్త్రీ."

"అయ్యగారికి అక్కడ అంత పనేముందయ్యా? మడచెట్లకి ఉపన్యాసాలు చెప్తున్నారా?" అన్నాడు ఏసుపాదం. రామబ్రహ్మం నవ్వలేదు.

ఆ తర్వాత నాలుగు రోజులకి ధనుంజయరావు గారి దగ్గర్నుంచి గంగాధరరావు గారికి ఉత్తరం వచ్చింది. మీ మేస్త్రీ పేరు విని పంపుతున్నాం, ఆ పేరు ఎలా వచ్చిందో మాత్రం బోధపడటం లేదు అని అందులో మర్యాదగా రాశారు. గంగాధరరావు గారు ఉత్తరం చదివి మడిచి జేబులో పెట్టుకున్నారు. దసరా వెళ్ళింది, దీపావళి వెళ్ళింది, బోర్డు రాసేవాడు మాత్రం రాలేదు. సోడా తాగే డ్రైవర్లు, ఏసుపాదం చెయ్యి మందగించింది కాబోలు అని అతనికి వినపడేటట్టే అనుకోవడం మొదలుపెట్టారు.

ఆ మాట ఏసుపాదాన్ని కోసేసింది. మనిషికి తన చెయ్యి మీద తనకే అనుమానం రావడం కంటే నరకం ఏముంటుంది? నీళ్ళు రాకుండా, చక్రం నడిమి హబ్బు వెనక ఉండే ఫెల్టు పట్టీలు మార్చాడు. గ్రీజు డబ్బా మార్చాడు. కిరసనాయిల్లో నీళ్ళు కలుస్తున్నాయేమోనని సీసాలో పోసి ఎండకి పెట్టి చూశాడు. తన అరచేతికే చెమట ఎక్కువై బేరింగులోకి దిగుతోందేమోనని, పెళ్ళాం చూడకుండా చేతులు ముగ్గుపిండితో రుద్దుకున్నాడు. ఆదివారం చర్చిలో అందరూ జబ్బుపడ్డవాళ్ళ కోసం ప్రార్థన చేస్తుంటే, ఇతను మోకాళ్ళ మీద ఆ కుడి చక్రం కోసం ప్రార్థన చేశాడు. నవ్వొస్తుంది గాని, నవ్వాల్సిన సంగతి కాదు.

డిసెంబరులో కారు మూడోసారి తిరిగొచ్చింది. ఏసుపాదం చక్రాలు కట్టి, చేతులు కడుక్కుని, చొక్కా తొడుక్కున్నాడు.

"నేనూ గుడివాడ వస్తున్నాను, పద" అన్నాడు.

రామబ్రహ్మం మొహం పాలిపోయింది. "మీరెందుకు మేస్త్రీ? చలిగాలి. మళ్ళీ రావడానికి రైలు దొరకదేమో."

"దొరక్కపోతే నడుస్తాను. నా చేతిలో తప్పుందో, నీ దారిలో తప్పుందో ఇవాళ తేలాలి."

పెడనలో కారు ఆపించి, దిగి, కుడి చక్రం మధ్యభాగం మీద చెయ్యి పెట్టి చూశాడు. గోరువెచ్చగా ఉంది. రోడ్డు పక్కన అద్దకం గుడ్డలు ఎండుతున్నాయి. చుక్క నీరు లేదు. గుడ్లవల్లేరులో మళ్ళీ ఆపించాడు. అప్పుడే పోసిన టీ గ్లాసంత వేడి. అంత దూరం నడిచి, అన్నిసార్లు బ్రేకు పడిన చక్రానికి అది మామూలే. చక్రం మెత్తగా, చప్పుడు లేకుండా తిరుగుతోంది. తప్పెక్కడుంది మరి?  గుడివాడ పొలిమేరలో రామబ్రహ్మం కారు పక్కకి తీశాడు.

"మేస్త్రీ, ఇక్కడ దిగండి. టీ తాగి, మీరు స్టేషనుకి వెళ్ళిపోండి. మీకు దణ్ణం పెడతాను."

"ఇంటిదాకా రానీవయ్యా" అన్నాడు ఏసుపాదం.

ఇల్లు పెద్దది. గేటు ముందు ఇద్దరు పాలేళ్ళు ఇత్తడి బిందెలతో నిలబడి ఉన్నారు. బిందెల్లో పసుపు కలిపిన నీళ్ళు. అరుగు మీద ధనుంజయరావు గారి తల్లి సత్యవతమ్మ గారు నిలబడి ఉంది. తెల్లచీర, చేతిలో జపమాల. కారు ఆగీ ఆగగానే ఆవిడ అరిచింది.

"గేటు దాటనివ్వకండి. పోయండ్రా."

ఏసుపాదం అప్పటికే దిగి, అలవాటు కొద్దీ కుడి చక్రం దగ్గర వంగి చెయ్యి పెట్టబోతున్నాడు. బిందెడు నీళ్ళు ఝల్లున పడ్డాయి. వేడి ఇనుము చుయ్యిమంది. ఆవిరి లేచింది.

"ఆ చక్రానికి ఇంకో రెండు పోయండి. వాడు చేతులు పెట్టేది అక్కడేనట. రేపు నేను శివాలయానికి వెళ్ళాలి అందులో."

ఏసుపాదానికి మొదట తట్టింది తుప్పు సంగతే. వేడెక్కిన హబ్బు మీద చన్నీళ్ళు పడితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుపోతుంది. ఆ లాగుడికి ఫెల్టు సందులోంచి నీళ్ళు లోపలికి వెళ్తాయి. ఎంత గ్రీజు కూరినా ఆగవు. మిలటరీలో వాగులు దాటిన జీపులకి ఇదే రోగం. అయితే తన చెయ్యి మంచిదే! ఏ తప్పూ చెయ్యలేదు! ఒక్క క్షణం ఏసుపాదం సంతోషపడ్డాడు. ఆ పసుపునీళ్ళల్లో నిలబడి సంతోషపడ్డాడు. ఆ నీళ్ళు ఎందుకు పోస్తున్నారో ఆ తర్వాత తెలిసింది.

అంటరానితనం నేరమని చట్టం వచ్చి అప్పటికి నాలుగేళ్ళయింది. ఆ చట్టం మీద ధనుంజయరావు గారు ఎన్ని ఊళ్ళల్లో మాట్లాడారో లెక్కలేదు.

ఇంకొకడైతే తిట్టేవాడు, లేకపోతే తలవంచుకుని వెళ్ళిపోయేవాడు. ఏసుపాదం ఏం చేశాడో చూడండి. రెండడుగులు ముందుకి వేసి, చేతులు కట్టుకుని, "అమ్మగారూ" అన్నాడు.

"ఎవడ్రా రామబ్రహ్మం, వీడు?"

రామబ్రహ్మం నేల చూశాడు.

"బందరు మేస్త్రీనండమ్మా. వేడి మీద చన్నీళ్ళు పోస్తే చక్రం లోపలికి లాక్కుంటుందండి. లోపల బేరింగులు పాడైపోతున్నాయి. ఒక గంట ఆగి, చల్లారాక పోయించండి. అప్పుడు ఎన్ని బిందెలు పోసినా ఫరవాలేదండి."

తనని కడిగేసే నీళ్ళు ఎప్పుడు పొయ్యాలో తనే చెప్పాడు. పనిమంతుడికి పని మీద ఉండే ప్రేమ అలాంటిది. సిగ్గు లేని ప్రేమ. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

"గంటసేపు ఆ మైల నా గుమ్మంలో పెట్టుకోమంటావా? నువ్వా నాకు చెప్పేది?" అని ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది. పాలేళ్ళు మిగిలిన బిందెలు కూడా కుమ్మరించారు.

గొడవ విని ధనుంజయరావు గారు బయటికి వచ్చారు. ఏసుపాదాన్ని గేటు పక్కకి రమ్మని సైగ చేసి, ఆయన గేటు లోపలే నిలబడ్డారు. "పెద్దావిడ, పాతకాలం మనిషి. ఈ వయసులో ఆవిడ మనసు కష్టపెట్టడం నా వల్ల కాదు. నువ్వు అర్థం చేసుకోవాలి" అన్నారు. ఆ తర్వాత గొంతు మారింది. "అయినా నీళ్ళకి బేరింగులు పోవడమేమిటయ్యా? కారు వానలో తడవటం లేదూ? పనిలో లోపం ఉంటే ఉందని ఒప్పుకోవాలి గాని, ఇలా పెద్దవాళ్ళ ఆచారాల మీదికి నెట్టకూడదు."

ఏసుపాదం స్టేషనుకి నడిచాడు. సగం దారిలో రామబ్రహ్మం పరుగెత్తుకుంటూ వచ్చి కలిశాడు. "మేము హంసలదీవి ఒక్కసారి కూడా వెళ్ళలేదు మేస్త్రీ. ఈ సంగతి మీకు చెప్పడానికి నోరు రాలేదు. అబద్ధమే మర్యాద అనుకున్నాను" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఏసుపాదం అతని భుజం తట్టి రైలెక్కాడు. ఇంటికి వెళ్ళాక దయామణి అడిగితే, "ఫెల్టు పట్టీలు సరిగ్గా లేవు" అని చెప్పాడు.

మర్నాడు గంగాధరరావు గారికి మాత్రం అంతా చెప్పాడు. ఆయన కుర్చీలో వెనక్కి వాలి విన్నారు. చివర్లో చిన్నగా నవ్వారు కూడా.

"నిజమేనయ్యా, నువ్వు చెప్పింది నేను నమ్ముతాను. కాని సత్యవతమ్మ గారికి చెప్పే మగాడు ఈ జిల్లాలో ఉన్నాడా? వాళ్ళ చుట్టాల బస్సులు కూడా మన దగ్గరికే వస్తాయి." కాసేపు గడ్డం నిమురుకున్నారు. "ఒక పని చేద్దాం. మా అక్క కొడుకు గోవర్ధనరావు ఖాళీగా ఉన్నాడు. హెడ్ మేస్త్రీ అని వాడి పేరు బోర్డు మీద రాయిద్దాం. ఇకనుంచి ముందు చక్రాలు వాడే కడుతున్నాడని గుడివాడకి కబురు పెడతాను. నీళ్ళు ఆగిపోతాయి. బేరింగులు నిలబడతాయి. పని ఎప్పట్లాగే నువ్వే చెయ్యి. ఒక ఆరు నెలలు పోనీ, ఆ తర్వాత ఆ పేరు తీసేసి నీది పెడదాం."

ఏసుపాదం ఒప్పుకున్నాడు. బేరింగులు నిలబడతాయన్న మాట దగ్గరే అతని చెవి ఆగిపోయింది. బేరింగులు నిలబడితే ఎవరి చెయ్యో జనానికి తెలియకపోతుందా అనుకున్నాడు. తప్పు అక్కడ చేశాడు.

గోవర్ధనరావు చెడ్డవాడు కాదు. పాతికేళ్ళవాడు, క్రాపు నున్నగా దువ్వుకుని పాటలు పాడుకుంటూ తిరిగేవాడు. షెడ్డు లోపల ఏసుపాదాన్ని "మావయ్యా" అని నోరారా పిలిచేవాడు. గుమ్మంలో ఎవరైనా ఉంటే "ఏసుపాదం" అనేవాడు. మొదట్లో బోర్డు చూసి తనే సిగ్గుపడేవాడు. కార్లవాళ్ళు వస్తే, గంగాధరరావు గారు చెప్పారు కదాని, గ్రీజు డబ్బాలో రెండు వేళ్ళు ముంచి, వేస్టు గుడ్డతో తుడుచుకుంటూ బయటికి వచ్చేవాడు. లోపల ఏసుపాదం నేల మీద గొంతుక్కూర్చుని పని చేస్తూ ఉండేవాడు.

తాబేలు కారు చక్రాలు ఆరు నెలలు మూలగలేదు. ఏడాది గడిచినా మూలగలేదు. గంగాధరరావు గారు ఆరు నెలల మాట ఎత్తలేదు. ఏసుపాదం ఒకసారి ఎత్తితే, "ఇప్పుడు కదిలిస్తే అసలుకే మోసం" అన్నారు. గుడివాడలో మొదలైన మాట ఉయ్యూరు చెరుకు లారీలవాళ్ళ దాకా పాకింది. ముందు చక్రమైతే గోవర్ధనరావుకే ఇవ్వాలి, అతని హస్తవాసి మంచిది అని. వాళ్ళ నోట్లో ఆ మాట వినగా వినగా గోవర్ధనరావుకే నమ్మకం కుదిరింది. గ్రీజు అరచేత్తో కూరాలిగాని పుల్లతో కాదని డ్రైవర్లకి పాఠాలు చెప్పేవాడు. మాట బాగానే చెప్పేవాడు. ఒక్కసారి కూడా కూరలేదు.

1961 కార్తీక మాసంలో ధనుంజయరావు గారు, చిలకలపూడి పాండురంగడి దర్శనానికి తల్లిని తీసుకుని ఆ కారులోనే బందరు వచ్చారు. అప్పటికి ఆయన పంచాయతీ సమితి ఎన్నికల్లో గెలిచారు. దర్శనం అయ్యాక, చక్రాలు ఒకసారి చూపించుకుని వెళ్దామని షెడ్డు దగ్గర ఆగారు. గంగాధరరావు గారు సత్యవతమ్మ గారికి రోడ్డు అవతల చెట్టు నీడలో కుర్చీ వేయించి, కారుని లోపలికి, వాళ్ళ కంటికి ఆనని మూలకి తోయించారు. ఏసుపాదం జాకీ ఎత్తి, రెండు చక్రాలూ విప్పి, బేరింగులు కడిగి, గ్రీజు కూరి, ఎడమది బిగించేశాడు. కుడిది బిగించబోతుండగా బయట చప్పట్లు వినపడ్డాయి.

మధ్యలో గ్రీజు వేళ్ళు తుడుచుకుంటూ బయటికి వెళ్ళిన గోవర్ధనరావుకి ధనుంజయరావు గారు శాలువా కప్పుతున్నారు. చుట్టూ పదిమంది డ్రైవర్లు. గంగాధరరావు గారు చేతులు జోడించి నవ్వుతున్నారు.

"రెండేళ్ళు! చక్రం కిక్కురుమంటే ఒట్టు" అన్నారు ధనుంజయరావు గారు. లోపలికి వినపడేటట్టు, "ఏమయ్యా ఏసుపాదం, పనంటే అదీ. వయసులో చిన్నవాడైతేనేం, పక్కనుండి చూసి నేర్చుకో" అన్నారు. ప్రేమగానే అన్నారు. ఆయన సభల్లో కూడా అంత ప్రేమగానే మాట్లాడేవారు.

ఏసుపాదం లేచి గుమ్మంలోకి వచ్చాడు. రెండు చేతులకీ మణికట్టుదాకా గ్రీజు ఉంది.

"ఈ రెండేళ్ళూ ఆ చక్రాలు కట్టింది నేనేనండి" అన్నాడు.

 ధనుంజయరావు గారు నవ్వారు.

"నువ్వు కట్టినప్పుడు రెణ్ణెల్లకోసారి పోయేవి. మర్చిపోయావా? మూడుసార్లు పోయాయి. ఈ రెండేళ్ళలో ఒక్కసారి పోలేదు. నువ్వు కడితే ఇలా నిలబడతాయా? నీ పని కాదనడానికి ఇంతకంటే రుజువేం కావాలయ్యా?"

డ్రైవర్లు గొల్లున నవ్వారు. ఏసుపాదం గంగాధరరావు గారి వంక చూశాడు. ఆయన పై పంచె సర్దుకుంటూ, "ఈ మధ్య అతనికి ఒంట్లో బాగుండటం లేదండీ" అన్నారు. గోవర్ధనరావు వంక చూశాడు. అతను శాలువా అంచు దారాలు వేలికి చుట్టుకుంటున్నాడు. రామబ్రహ్మం వంక చూశాడు. రామబ్రహ్మం కారు బానెట్ ఎత్తి అందులో తల దూర్చాడు.

"ఏమంటున్నాడ్రా వాడు?" అని చెట్టు కిందనుంచి సత్యవతమ్మ గారు అడిగింది.

"ఏం లేదమ్మా. పాత పనివాడు. కుర్రాడి పేరు చూసి ఓర్వలేక..." అన్నారు ధనుంజయరావు గారు.

ఏసుపాదం వెనక్కి వచ్చి కుడి చక్రం ముందు కూర్చున్నాడు.  చక్రం ఎక్కించి, తిప్పుతూ నట్టు బిగించాడు. గట్టిగా బిగించాడు. ఇంకా బలం పెట్టి బిగించాడు. ఒక గాడి వెనక్కి వదలకుండానే పిన్ను గుచ్చాడు. ఇలా పంపితే చాలు. గుడ్లవల్లేరు చేరేలోపు బేరింగులు కాలిపోతాయి. రోడ్డుకి ఆనుకునే కాలవ. రేపటికల్లా గోవర్ధనరావు హస్తవాసి ఏపాటిదో గుడివాడంతా తెలుస్తుంది. తన పేరు తనకి రావడానికి లోకం వదిలిన దారి అదొక్కటే. తన చెయ్యి మంచిదని చెప్పుకోవాలంటే ఆ చేత్తోనే చెడు చెయ్యాలి.

ఎంతసేపు కూర్చున్నాడో తెలియదు. "అయిందా మేస్త్రీ?" అని రామబ్రహ్మం మెల్లిగా అడిగాడు. అతని గొంతులో భయం లేదు. ఏసుపాదం కట్టిన చక్రం కదా, భయం ఎందుకుంటుంది? ఆ షెడ్డులో నిజం తెలిసి ఆ బండి ఎక్కుతున్నవాడు అతనొక్కడే.

ఏసుపాదం పిన్ను లాగేశాడు. నట్టు ఒక గాడి వెనక్కి వదిలాడు. చక్రం తిప్పి చూశాడు. మెత్తగా, చప్పుడు లేకుండా తిరిగి, దానంతటదే ఆగింది. డబ్బాలోంచి ఇంకో కొత్త పిన్ను తీసి గుచ్చి, దాని రెండు కాళ్ళూ చెరో పక్కకి వంచి, మూత కొట్టాడు. మనసుకి ఎంత కావాలనిపించినా చెయ్యి ఒప్పుకోలేదు.

"అయింది, తీసుకెళ్ళు" అన్నాడు.

గోవర్ధనరావు శాలువాతోనే లోపలికి వచ్చి, అతని మొహం వంక చూడకుండా, డబ్బాలో రెండు వేళ్ళు ముంచి, గుడ్డతో తుడుచుకుంటూ బయటికి వెళ్ళాడు. కారు బయల్దేరింది. గుడివాడ దాకా చక్రం కిక్కురుమనలేదు. ఆ తర్వాత మూడేళ్ళు కూడా కిక్కురుమనలేదు. ఆ మూడేళ్ళలో గోవర్ధనరావు హస్తవాసి మీద ఎవరికైనా అనుమానం వస్తే, ఆ చక్రాలనే సాక్ష్యంగా చూపించేవారు.